పొరుగు ప్లగ్గు

మధ్యాహ్నం పన్నెండు దాటి ఏడు నిమిషాలకు మా అన్నయ్య కొట్టు మేడగదిలో ఒక చదరం కదిలింది.

నేను చూస్తున్నది గదిని కాదు, గదిలోని వేడిని. వేరే ఊళ్ళో ఉన్న మా ప్రయోగశాల తెర మీద ఆ గది పన్నెండు చదరాలుగా కనిపిస్తుంది. గది రేకుల మీద మేం పరిచిన పొరకు అడుగున పన్నెండు సెన్సర్లున్నాయి. తన కింద ఎంత వెచ్చగా ఉందో ఒక్కొక్కటీ మాకు చెబుతుంది. వెచ్చగా ఉంటే పసుపు, చల్లబడితే నీలం. ఆ రోజు తుఫాను. పొద్దుటి నుంచీ కాకినాడంతా కరెంటు తీసేశారు. పదకొండింటికి ఇరవై ఎనిమిది డిగ్రీలున్న ఆ గది పన్నెండు దాటేసరికి ఆరుకు దిగిపోయింది. పదకొండు చదరాలు నీలం. కిటికీ పక్కది మాత్రం పసుపుగా ఉంది.

సెన్సరు పాడైందనుకున్నాను. ఇంతలో కిటికీ దగ్గర పసుపు ఆరిపోయి పక్క చదరంలో వెలిగింది.

పాడైన సెన్సరు నడవదు కదా.

"సలోమీ, ఇలా రా" అని మా పరిశోధక విద్యార్థినిని పిలిచాను. "ఆ గదిలో ఎవరో ఉన్నారు."

సలోమి తెర వంక చూసి, "గదికి తాళం ఉంటుందన్నారు కదా మేడమ్?" అంది.

తాళం ఉంటుందనే నేనూ అనుకున్నాను.

అసలీ పొర ఏమిటో ముందు చెప్పాలి. మందం అరటాకంతే. ఎండ కాస్తే ఎండలోంచి కరెంటు తీస్తుంది. ఆ మాత్రం ఊళ్ళో అమ్మే పలకలన్నీ చేస్తాయి. ఎండ లేనప్పుడు కూడా పని చెయ్యడమే మా పొర గొప్ప. పైన చల్లగా, కింద వెచ్చగా ఉంటే చాలు, కింది వేడిని తాగి కరెంటుగా ఇస్తుంది. కొట్టుకి కొట్టు చల్లబడుతుంది, దీపాలకి దీపాలు వెలుగుతాయి. పదకొండేళ్ళు దానికోసమే బతికాను. నా పెళ్ళి మాట ఎత్తడం కూడా మా వాళ్ళు మానేశారు.

మా అన్నయ్య సన్యాసిరావుది పాత గుడ్డల వీధిలో చీరల కొట్టు. ఆ వీధిలో ఎండ కరెంటు అన్న మాటెత్తితే చాలు, వంద సందేహాలు పుట్టేవి. కొట్టు ఒకరిది, కప్పు ఇంకొకరిది, కప్పు మీద హోర్డింగు మూడో మనిషిది. మేకులు కొడితే వాన కారదా, కారితే పట్టుచీరల గతేమిటి, పావురాల సంగతేమిటి? అన్నయ్య వీధి వర్తకులందరికీ టీలు ఇప్పించి, "మా చెల్లెలు హైమ చేసిందండీ" అని చెబితే, అందరూ బుద్ధిగా తలలూపి, "ముందు మీరు వేయించుకోండి, ఓ ఏడాది చూసి మేమూ వేయించుకుంటాం" అన్నారు. అలా ఆ వీధి మొత్తానికి మా పొర ఒకే ఒక్క కప్పెక్కింది.

ఆ కప్పు కింద రేకుల గదిలో మా వదిన నూకరత్నం చీరలకి ఫాల్సు కుట్టేది. ఇరవై రెండేళ్ళుగా ఆ రేకుల కింద ఉడికిపోతూ కుట్టింది. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వదిన కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. తలంటి పోసిందీ, జడ వేసిందీ, సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ ఆవిడే. పొర వేసిన ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం ఫోను చేసింది.

"అమ్మడూ! ఫేను కట్టేసి కుడుతున్నానే! ఒంటి మీద చెమట చుక్క లేదంటే నమ్ముతావా?"

ఆ రోజు నాకు ఏ బహుమతీ ఇవ్వనంత సంతోషం కలిగింది.

పొరలో ఒక చెడ్డ గుణం ఉందని అప్పటికే నాకు తెలుసు. ప్రయోగశాలలో అరచేయంత ముక్క కింద వేడినీళ్ళ గాజు గ్లాసు పెట్టి, పైన చన్నీళ్ళు చిలకరించి, ఒక బల్బు తగిలించాం. నీళ్ళు కాస్త చల్లారాయి. పన్నెండు బల్బులు తగిలించాం. మూడు నిమిషాల్లో నీళ్ళు గడ్డకట్టి గ్లాసు టప్పున పగిలింది. ఎంత అడిగితే అంత ఇవ్వడం దాని స్వభావం. కింద ఏముందో చూసుకోదు. నీళ్ళా, చీరలా, మనిషా అన్నది దానికి పట్టదు.

అందుకే గొళ్ళెం అని మేం పిలిచే చిన్న పెట్టె తయారుచేశాను. ఒక కప్పు నుంచి ఒక కొట్టుకు సరిపడే కరెంటుకి మించి లాగబోతే ఆ పెట్టె ఆపేస్తుంది. "ఒక కప్పుకు ఒకే కొట్టు" అని పెట్టె మీద ఎర్రక్షరాలతో అచ్చు వేయించాను కూడా. పరీక్ష చేసినవాళ్ళు మెచ్చుకుని సంతకాలు పెట్టారు.

అయితే పాత గుడ్డల వీధిలో ఒక అలవాటుంది. ఏ కొట్టుకైనా వెనక గోడకి బయటి వైపు ఒక ప్లగ్గు ఉంటుంది. దాన్ని పొరుగు ప్లగ్గంటారు. ఎవరికి కరెంటు పోయినా, ఉన్నవాళ్ళ ప్లగ్గులోంచి వైరు లాక్కుంటారు. అడగక్కర్లేదు. ఇవ్వనన్నవాడు ఆ వీధిలో మూణ్ణెల్లు కూడా నిలవలేడు. చిన్నప్పుడు గోడెక్కి పక్క కొట్టుకి వైరు చుట్ట విసిరే పని నాదే.

పొర ప్రారంభించిన రోజు కొబ్బరికాయ కొట్టి వెనక్కి వెళ్తే, అన్నయ్య పిలిచిన ఎలక్ట్రీషియన్ ఆ ప్లగ్గుకి కొత్త వైరు వేస్తున్నాడు. గొళ్ళెం పెట్టెకి తగిలించకుండా, దాన్ని పక్కకి తప్పించి పొర నుంచి నేరుగా వేస్తున్నాడు. పెట్టె ఉంటే రెండో కొట్టుకి తగిలించగానే ఆగిపోతోందట.

నేను చూశాను. చూసి, మా వీధి మారలేదని మురిసిపోయాను. ఫొటో కూడా తీసుకున్నాను.

తెర ముందు ఆ ఫొటో గుర్తొచ్చి వెంటనే అన్నయ్యకి ఫోను చేశాను. అన్నయ్య రెండో రింగుకే ఎత్తాడు. వెనక జనం గోల, వాన హోరు.

"ఏమే హైమా! ఊరంతా చీకటైపోతే మన వీధొక్కటే పెళ్ళిపందిరిలా వెలిగిపోతోందే! వానకి చిక్కుకున్న జనమంతా ఇక్కడే ఉన్నారు. అంతా నీ చలవేనే!"

"అన్నయ్యా, ప్లగ్గు మీద ఎంతమందున్నారు?"

"పంతొమ్మిది వైర్లు. గాజుల కాసిం, మందుల కొట్టు, పాలబూతు... అందరూ మనమీదే."

"మేడగదిలో ఎవరున్నారు?"

"ఎవరుంటారే? తుఫానని మీ వదిన్ని పదిన్నరకే ఇంటికి పొమ్మన్నాను."

"వెళ్ళడం చూశావా?"

"వెళ్తున్నానని చెప్పిందిగా."

"పైకెళ్ళి చూడు. ఫోను పెట్టెయ్యకు. పరిగెత్తు అన్నయ్యా!"

నా గొంతులో ఏం వినిపించిందో, వెంటనే కదిలాడు. వెనక మెట్ల ఇనపచప్పుడు ఫోనులో వినిపించింది. తెర మీద సున్నా డిగ్రీలు. పసుపు చదరం గది మధ్యకి వచ్చింది. మునుపటంత పసుపుగా లేదు. పైన వాన రేకుల్ని చల్లబరుస్తోంది, కింద పంతొమ్మిది కొట్లు లాగుతున్నాయి. మా పొర తన పని తాను చక్కగా చేసుకుపోతోంది. గదిలో చల్లారవలసింది ఇక ఆ ఒక్క చదరమే.

"తలుపు లోపల గడియేసుంది" అన్నాడు అన్నయ్య ఆయాసంతో. "తోస్తే రావట్లేదు... ఇదేంటే? ఐసు! తలుపంతా ఐసు కట్టేసిందే హైమా!"

మేడగదిది ఇనపరేకు తలుపు. వాన జల్లు కొట్టిన తలుపు చట్రానికి గడ్డకట్టుకుపోయింది.

"రత్నం! ఏయ్ రత్నం! ఉన్నావా?"

ఫోనులో నాకేమీ వినపడలేదు. ఆయనకి వినపడింది. "ఉందే! లోపలుందే! తలుపు కొడుతోంది!" అని అరిచాడు. ఆ అరుపు మా అన్నయ్యదిలా లేదు.

పసుపు చదరం తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

నా ముందు ఒక మీట ఉంది. పొరని ఇక్కడి నుంచే ఆపేయడానికి పెట్టుకున్న మీట. ఒక్కసారి నొక్కితే పొర వేడి తాగడం మానేస్తుంది. మూత తీసి వేలు పెట్టాను.

"ఆపేస్తున్నాను అన్నయ్యా. వీధంతా ఒక్కసారిగా ఆరిపోతుంది, అదిరిపోవద్దని చెప్పు."

"ఆగాగు!" అన్నాడు. "ఆపకే! చివర క్లినిక్కుంది కదా, అక్కడొక పెద్దాయన్ని గాలి మిషను మీద పెట్టారు. వాళ్ళ జనరేటరు నీళ్ళలో మునిగిపోయింది. పొద్దుటి నుంచీ మన వైరు మీదే నడుస్తోంది."

"మిగతా వైర్లు పీకేసి అదొక్కటీ ఉంచు."

"అన్నీ నల్లవైర్లేనే! ఒకదాన్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఏది ఎటెళ్తోందో నాకేం తెలుసు?"

"అయితే క్లినిక్కుకి ఎవర్నైనా పంపు. సిలిండరు పెట్టుకున్నామని చెప్పగానే ఆపేస్తాను. తొందరగా!"

"కాసిం!" అని కేకేశాడు కిందకి. కాసింకి యాభై ఏళ్ళు. మోకాలు నొప్పని కొట్లోంచి లేవనే లేవడు. ఆ మోకాళ్ళతోనే, నడుంలోతు నీళ్ళలో వీధి చివరికి పరిగెత్తాడని తరవాత తెలిసింది.

గది సున్నాకి కింద ఒక డిగ్రీ. తలుపు దగ్గర చదరం పదిహేడు డిగ్రీలు.

"నొక్కండి మేడమ్" అంది సలోమి. "ప్లీజ్, నొక్కెయ్యండి."

అన్నయ్య షట్టర్లు లాగే కొక్కెం కర్రతో తలుపు మీద బాదుతున్నాడు. ప్రతి దెబ్బా నా చెవిలో పడుతోంది. సున్నాకి కింద మూడు. పదిహేను.

ఆ పెద్దాయన ఎవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నొక్కెయ్యాలనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆయన నాకు జడ వెయ్యలేదు. జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకోలేదు. అయినా నొక్కలేదు. గొప్ప మనసుతో కాదు. ఎవరి ఊపిరో నా వేలితో ఆగిపోతుందన్న భయంతో.

సున్నాకి కింద ఆరు. పదమూడు. చదరం తలుపు దగ్గర నుంచి కదలడం లేదు.

"వదినా, పక్కకి జరుగు, చీరల మూటల్లో దూరు" అని ఫోనులోకి గొణుగుతున్నాను, ఆవిడకి వినిపిస్తుందన్నట్టు. ఎందుకు కదలడం లేదో నాకర్థం కాలేదు.

సున్నాకి కింద తొమ్మిది. పదకొండు.

అప్పుడు వినపడింది, దూరం నుంచి, వానలోంచి కాసిం గొంతు. "రావుగారూ! సిలిండరెట్టేశారండీ! ఆపేయమనండీ!"

నొక్కాను. ఫోనులో వీధి వీధంతా ఒక్కసారి గొల్లుమంది. గడియారం చూశాను. అన్నయ్య ఆపవద్దన్నప్పటి నుంచి నాలుగు నిమిషాల పది సెకన్లు.

మరో రెండు దెబ్బలకి తలుపు చట్రం ఊడింది. ఆ తరవాత అన్నయ్య ఏడుపు వినిపించింది.

"చెయ్యి రావట్లేదే... చెయ్యి గడియకి అతుక్కుపోయిందే..."

వదిన తడిచేత్తో ఆ ఇనపగడియ పట్టుకుంది. పట్టుకున్నవేళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. బయటికి రావాలని ప్రయత్నించింది కాబట్టే ఆ చదరం తలుపు దగ్గర నుంచి కదల్లేదు. గోరువెచ్చటి నీళ్ళు పొయ్యమన్నాను. పొయ్యి వెలిగించడానికి వ్యవధి లేదు. ఫ్లాస్కులో ఉన్న టీ చల్లార్చి గడియ మీద పోస్తూ వేళ్ళు విడిపించారు.

వదిన బతికింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, బొటనవేలి కొస తీసేశారు.

ఆస్పత్రి వరండాలో అన్నయ్య నన్ను దగ్గరికి రానివ్వలేదు. "తెర మీద చూస్తూ కూర్చున్నావు" అన్నాడు. ఆపవద్దన్నది తనేనని ఆయనకీ తెలుసు. అందుకే అంత కోపం.

పొర తయారుచెయ్యడానికి ముందుకొచ్చిన కంపెనీ ప్రతినిధి వారం తిరక్కుండా ప్రయోగశాలకి వచ్చాడు. మంచి చొక్కా, మెత్తటి మాట.

"మేడమ్, పెట్టె మీద స్పష్టంగా అచ్చు వేశారు. వాళ్ళే తప్పించారు. వాడకందారు పొరపాటని రెండు వాక్యాలు రాయండి. వచ్చే ఏడాదికి రాష్ట్రంలో ప్రతి కొట్టు మీదా మన పొరే ఉంటుంది."

"నేనా వీధిలో పుట్టాను" అన్నాను. "వైరు అడిగితే కాదనరని ప్రపంచంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. తెలిసీ, కాదనేవాళ్ళ కోసం పెట్టె చేశాను. పొరపాటు నాది."

ఆ మాటే నివేదికలో రాశాను. ఫొటో కూడా జతచేశాను. పొర ఆగిపోయింది. పదకొండేళ్ళ పని మూడు పేజీల్లో ముగిసింది. నాకు ఏడుపు రాలేదని చెబితే అబద్ధం.

అన్నయ్య పంతం కొద్దీ పొరుగు ప్లగ్గు కూడా పీకించేశాడు. కట్టుతో ఇంటికొచ్చిన వదిన మర్నాడే కొట్టుకి వెళ్ళి, వెనక గోడ చూసి, "ప్లగ్గేం చేసిందండీ మధ్యలో? పెట్టించండి" అందట. పెట్టించాడు. ఇప్పుడక్కడ మామూలు ఎండపలకలు. ఆరు కొట్లవాళ్ళు వేయించుకున్నారు. మిగతావాళ్ళు ఇంకా చూస్తున్నారు.

రెండు నెలల తరవాత వదిన కబురు పెట్టింది. ఒక సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. అన్నయ్య గల్లా పెట్టె దగ్గర నుంచి తలెత్తి చూసి, కూర్చోమనకుండానే కుర్చీ ఇటు జరిపాడు.

అప్పుడే ఒక పెద్దావిడ కొట్టులోకి వచ్చింది. చేతిలో పది మామిడిపళ్ళున్న సంచి. "మీ వైరు వల్లనే మా ఆయన బతికాడండి" అంది అన్నయ్యతో. "క్లినిక్కులో కాంపౌండరు చెప్పాడు. గాలి మిషను ఇంకో ఐదు నిమిషాలు ముందాగితే దక్కేవారు కాదంట. ఇన్నాళ్ళూ ఆయన్ని వదిలి రాలేకపోయాను."

అన్నయ్య గల్లా పెట్టెలో చిల్లర సర్దసాగాడు. నేను నేలకేసి చూశాను. వదిన మాత్రం పైట కొంగు కుడిచేతి మీదకి లాక్కుని, ఎడమచేత్తో సంచి అందుకుంది. "ఇప్పుడెలా ఉన్నారండి? అన్నం తింటన్నారా?" అని అడిగింది. ఆవిడ వెళ్ళేదాకా ఆ కొంగు తియ్యలేదు.

తరవాత నన్ను మేడగదిలోకి తీసుకెళ్ళింది. తలుపు కొత్తది, చెక్కది. రేకుల కింద మళ్ళీ ఉక్కపోత, ఫేను తిరుగుతోంది.

"అమ్మడూ, నన్నా తెర మీద చూస్తానే ఉన్నావా?"

"చూస్తూనే ఉన్నాను వదినా."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

ఆవిడ పైట చెంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. తిడితే బావుండుననిపించింది.

"నేనూ ఒక మాట దాచాను" అంది చివరికి. "వీధి చివరిదాకా వెళ్ళి, వానకి వెనక మెట్లమ్మట తిరిగొచ్చేశాను. పెళ్ళివారి చీరలు రెండు మిగిలిపోయాయి కదా అని. కాసేపటికి చలేసింది. కిందకెళ్ళి చెబుదామనుకున్నాను. కింద వీధి వీధంతా మా హైమ కరెంటు, మా హైమ కరెంటని నిన్ను పొగుడుతున్నారు. ఆ మాట వింటా, నా నోటితో చెడ్డ చెప్పడమెందుకులే, ఈ రెండు చీరలూ అయ్యాక చెబుదామని కూర్చున్నాను. చేతులు మొద్దుబారాక లేచాను."

నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. తొమ్మిదేళ్ళప్పుడు ఏడ్చినట్టే. ఆవిడ మిగిలిన రెండువేళ్ళతో నా తల నిమిరింది.

"ఏడుపు చాలు గానీ, లే. ఆ చీరలు ఇంకా అలాగే ఉన్నాయి. పిల్లకి పెళ్ళి కూడా అయిపోయింది, పాపం వేరేవి కట్టుకుంది. అయినా ఒప్పుకున్న పని కదా."

సూది నా చేతిలో పెట్టింది. దారం ఎక్కించడానికి నాకు ఐదుసార్లు పట్టింది. ఎర్రపట్టుచీర అంచుకి ఫాలు పట్టి, జానెడు కుట్టి చూపించాను. వదిన చీర ఎడమచేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసింది.

"వంకర పోయింది. విప్పు" అంది. "మళ్ళీ కుట్టు."